రోజుకి ఎన్ని క్యాలరీలు? యాప్ చెప్పే నంబర్‌ని చేత్తో లెక్కేద్దాం

హాయ్ అండీ! బరువు పెరగకుండా, తగ్గకుండా ఉండాలంటే రోజుకి ఎన్ని క్యాలరీలు కావాలో క్యాలరీ యాప్‌లు ఒక నంబర్ చెప్తాయి కదా, దాన్నే ఈరోజు మనం లెక్కేద్దాం. ఈ వ్లాగ్‌కి కావాల్సింది కాగితం, పెన్ను, బరువు చూసే మిషన్. అంతే.

ముందు యూనిట్ల సంగతి. మీ మిషన్ పౌండ్లలో చూపిస్తే 2.2తో భాగించి కిలోలు చేయండి. ఎత్తుని మొత్తం అంగుళాల్లోకి మార్చి 2.54తో గుణించండి. 5 అడుగుల 3 అంగుళాలంటే 63 అంగుళాలు, అంటే 160 సెంటీమీటర్లు.

ఇప్పుడు 1990 నాటి మిఫ్లిన్-సెయింట్ జోర్ ఫార్ములా, అంటే ఏ పనీ చేయకపోయినా ఒంటికి కావాల్సిన క్యాలరీల లెక్క. అదే ఎత్తు, 143 పౌండ్ల బరువు, 35 ఏళ్ల వయసున్న ఆవిడ లెక్క చూద్దాం. బరువు 65 కిలోలు, పదితో గుణిస్తే 650. ఎత్తుని 6.25తో గుణిస్తే 1000. రెండూ కలిపి, వయసుకి ఐదింతలు, అంటే 175 తీసేయండి. చివర్లో ఆడవాళ్ళకి ఇంకో 161 తీసేయాలి, మగవాళ్ళకైతే 5 కలపాలి. వచ్చింది 1314. రోజంతా మంచం దిగకపోయినా ఒంటికి సుమారు ఇంత కావాలి. కిలోలకి బదులు పొరపాటున 143 వేశారనుకోండి, 2094 వస్తుంది. ఒక్క యూనిట్ దగ్గర 780 క్యాలరీల తేడా!

అసలు తిప్పలు దీని తర్వాతే. కూర్చుని చేసే పనైతే 1.2తో, వారానికి రెండు మూడు రోజులు వ్యాయామముంటే 1.375తో, నాలుగైదు రోజులు గట్టిగా చేస్తే 1.55తో గుణించాలి. ఈవిడకి 1.2తో 1577, 1.55తో 2037. మనమేమో ఎప్పుడూ పై మెట్టే ఎంచుకుంటాం! వారానికి మూడు గంటలు జిమ్‌కెళ్ళినా మిగతా టైమంతా కుర్చీలోనే ఉంటే, నన్నడిగితే కింది మెట్టుతో మొదలుపెట్టడమే మేలు. ఇంకో మాట, వాచీ చూపించే వర్కవుట్ క్యాలరీలని దీనికి మళ్ళీ కలపకండి. వ్యాయామం ఆ గుణకంలోనే ఉంది.

ఇంత చేసినా ఇది అంచనానే. రెండు వారాలు తిన్నదంతా రాయండి, వంటనూనెతో సహా. ఒక టేబుల్‌స్పూన్ నూనే 120 క్యాలరీలు, అందరూ మర్చిపోయేది అదే. లేబుల్ మీద కిలోజౌళ్ళుంటే 4.18తో భాగించండి. రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసుకుని, వారం సగటుని వారం సగటుతోనే పోల్చండి. ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా నీటితోనే కిలో పైకెళ్ళొచ్చు, దానికి కంగారొద్దు. సగటు కదలకపోతే మీరు తింటున్నదే మీ నంబర్. వారానికి పావుకిలో తగ్గుతుంటే, కిలో బరువుకి 7700 క్యాలరీల లెక్కన, తింటున్నదానికి రోజుకి ఇంకో 275 కలిపితే మీ నంబర్ వస్తుంది.

గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ, పిల్లలకీ ఈ లెక్క వాడకండి.