శిథిలాల్లోంచి బయటికొచ్చిన పసికందులు

అందరికీ నమస్కారం.

భూకంపం వార్తలొచ్చినప్పుడు టీవీ ముందు మనల్ని కదలనివ్వని దృశ్యం ఒకటుంటుంది. దుమ్ము కొట్టుకుపోయిన పసిబిడ్డను ఎవరో రెండు చేతుల్లో పెట్టుకుని బయటికి తీసుకొస్తారు. మనం వెంటనే ‘దేవుడి దయ’ అంటాం. అనుకోవద్దని నేను అనను. కానీ ఆ బిడ్డ బతకడం వెనకాల మట్టి, సిమెంటు, మనుషులు కూడా ఉంటారు. ఈరోజు వాటి గురించి మాట్లాడతాను.

1985 సెప్టెంబరు 19 ఉదయం మెక్సికో పసిఫిక్ తీరంలో 8 తీవ్రతతో భూకంపం వచ్చింది. అక్కడికి రాజధాని మెక్సికో సిటీ 350 కిలోమీటర్ల పైమాటే. అయినా దెబ్బ ఎక్కువగా తగిలింది రాజధానికే. ఎందుకంటే ఆ నగరంలో చాలా భాగం ఒకప్పటి సరస్సు అడుగున, మెత్తటి బంకమట్టి మీద ఉంది. ఆ మట్టి సుమారు రెండు సెకన్లకోసారి ఊగింది. ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలు సహజంగా ఊగే లయ కూడా ఇంచుమించు అదే. ఊగుతున్న ఉయ్యాలను సరిగ్గా సమయానికి తోస్తూ పోతే ఏమవుతుందో వాటికీ అదే అయింది.

హువారెజ్ ఆసుపత్రిలో పన్నెండంతస్తుల భవనం అలాగే కుప్పకూలింది. వారం గడిచాక కూడా ఆ శిథిలాల్లోంచి అప్పుడే పుట్టిన శిశువులను ప్రాణాలతో తీశారు. పాలు లేవు, తల్లి లేదు. ఎలా బతికారు? నవజాత శిశువు ఒంట్లో పుట్టేనాటికి నీరు కాస్త ఎక్కువగానే ఉంటుంది. వెచ్చదనమిచ్చే ప్రత్యేకమైన కొవ్వు ఉంటుంది. పెద్దవాళ్లు పట్టని సందులో వాళ్లు పడతారు. అయితే ఇవన్నీ ఉన్నా, ఎవరో ఒకరు వెతకాలి కదా! ప్రభుత్వం తేరుకునేలోపే మామూలు జనం చేతులతో రాళ్లు తీశారు. అలా పుట్టిందే ‘తోపోస్’ అనే స్వచ్ఛంద దళం.

అక్కడ శిథిలాల మీద పిడికిలి పైకెత్తితే నిశ్శబ్దమని అర్థం. జనరేటర్ ఆగుతుంది, లారీలు ఆగుతాయి, వందల మంది నోళ్లు మూతపడతాయి. కింద ఏడుపో, గోడ మీద తట్టిన చప్పుడో వినపడుతుందేమోనని చెవులు రిక్కిస్తారు.

2017లో మళ్లీ అదే సెప్టెంబరు 19న 7.1 తీవ్రతతో ఇంకో భూకంపం వచ్చింది. ఆ ఉదయమే నగరమంతా ఏటా చేసే డ్రిల్ చేసింది. రెండు గంటలు గడిచాక నేల నిజంగానే కదిలింది. ఒక ప్రైవేటు స్కూలు కూలి 19 మంది పిల్లలు, ఏడుగురు పెద్దలు చనిపోయారు. శిథిలాల్లో పన్నెండేళ్ల అమ్మాయి ప్రాణాలతో ఉందని టీవీ లైవ్‌లో చూపిస్తుంటే దేశమంతా టెన్షన్‌తో చూసింది. చివరికి అలాంటి అమ్మాయే లేదని తేలింది. మనకు అద్భుతం ఎంత అవసరమో చూడండి, లేకపోతే మనమే కల్పించుకుంటాం!

ఆ స్కూలు ఎందుకు కూలిందన్న ప్రశ్నకు మాత్రం లైవ్ ప్రసారం లేదు. యజమాని స్కూలు పైన సొంత ఇల్లు కట్టించుకున్నారు. కింది కట్టడం ఆ బరువు మోయలేకపోయింది. 2020లో కోర్టు ఆమెకు 31 ఏళ్ల జైలుశిక్ష వేసింది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.