ప్లకార్డు దగ్గర మొదలై పిపెట్ టిప్ దగ్గర ఆగాం

మాధవి: రికార్డవుతోందా? ఎర్ర లైటు వెలగట్లేదు.

కిరణ్: వెలగదక్కా, పోయినసారి మీరు కాఫీ ఒలకబోశారుగా. పని మాత్రం చేస్తోంది. అందరికీ నమస్కారం. బెంగళూరు మత్తికెరెలో, పక్కింటి కుక్కర్ సాక్షిగా మా పాడ్‌కాస్ట్‌తో మళ్ళీ వచ్చాం. ల్యాబులో జెల్ పెట్టి వచ్చాను, కరెంటుతో అణువుల్ని విడదీసే పరీక్ష. టైమర్ మోగితే పరిగెత్తాలి.

మాధవి: ఇవాళ్టి టాపిక్, సైంటిస్టులు రోడ్డెక్కడం. నీ ల్యాబు ఫ్రీజర్ కొనుగోలు గోల మాత్రం ఎత్తకూడదు.

కిరణ్: ఒట్టు. అమెరికాతో మొదలెడతా. 2025 మార్చి 7న వాషింగ్టన్‌లో, లింకన్ మెమోరియల్ దగ్గర పోగయ్యారు. ట్రంప్ ప్రభుత్వం గ్రాంట్లు ఆపేసింది, ఉద్యోగాలు పీకేసింది. వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్ గ్రాంట్ల మీద ఓవర్‌హెడ్ 15 శాతానికి మించి ఇవ్వం అన్నారు. 2026 బడ్జెట్ ప్రతిపాదనలో, మిగతా సైన్సులకి డబ్బిచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్‌కి సగానికి పైగా కోత.

మాధవి: ఆ 15 శాతం ఉత్తర్వుని కోర్టు ఆపింది. ఓవర్‌హెడ్ అంటే ఏదో దుబారా అనుకుంటారు. కరెంటు బిల్లు, ఎలకల మేత, ఊడ్చే ఆవిడ జీతం... అన్నీ అందులోవే. అది లేకపోతే పరిశోధన చెట్టుకింద చేసుకోవాలి.

కిరణ్: మీరూ నడిచారు కదా, 2017లో, మన దగ్గర మార్చ్ ఫర్ సైన్స్‌లో?

మాధవి: ఆగస్టు 9న. జీడీపీలో సైన్సుకి 3 శాతం, చదువుకి 10 శాతం అడిగాం. అట్టముక్క మీద రాస్తుంటే మార్కర్ అయిపోయింది. 3 లావుగా వచ్చింది, శాతం గుర్తు కనబడీ కనబడనట్టు. ఓ ఆటో ఆయన తెలుగులోనే అడిగాడు, "ఏంటమ్మా మూడు? మీటరు మీద మూడు రెట్లా?" అని.

కిరణ్: (నవ్వుతూ) ఇచ్చారా మూడు?

మాధవి: 2020-21 లెక్కల్లో 0.64 శాతం.

కిరణ్: అసలు మూడు ఇచ్చినా ఏం లాభమక్కా, ఎల్-వన్ ఉన్నంతకాలం?

మాధవి: వచ్చేసింది కొనుగోళ్ళ గోల! ఇంకా నాలుగు నిమిషాలు కాలేదు.

కిరణ్: వినండి. ఎల్-వన్ అంటే తక్కువ రేటు ఎవడిస్తే వాడి దగ్గరే కొనాలి. సరే, పిపెట్ టిప్పులు కొన్నాం, ద్రవం కొలిచి పీల్చే పిపెట్‌కి చివర తొడిగే ప్లాస్టిక్ మొనలు. పది మైక్రోలీటర్లు పీల్చి పైకెత్తితే చివర ఓ చుక్క వేలాడుతుంది. దాని వైపు ఊపిరి వదిలినా బల్ల మీద పడుతుంది. ఆ చుక్క మామూలు నీళ్ళా? డ్రై ఐస్‌లో పెట్టి పంపించిన ఎంజైము. టిప్పుల మీద మిగిలింది ఎంజైము మీద పోతుంది.

మాధవి: మూడు కోటేషన్లు అడక్కపోతే ఆర్డర్లన్నీ ఎవరో ఒకరి బావమరిది షాపుకే పోతాయి. ప్రజల డబ్బు నాయనా.

కిరణ్: ఇప్పుడు మూడూ బావమరిదే ఇస్తాడు, మూడు లెటర్‌హెడ్ల మీద. నేను చూశాను, మూడింట్లోనూ ఒకే స్పెల్లింగ్ తప్పు!

మాధవి: అందుకేగా జెమ్ పోర్టల్ పెట్టారు, సర్కారు కొనుగోళ్ళకి ఆన్‌లైన్ బజారు.

కిరణ్: జెమ్‌లో సెంట్రిఫ్యూజ్ వెతికితే...

మాధవి: మిక్సీ కథ వద్దు, అందరూ రెండుసార్లు విన్నారు. 2025 జూన్‌లో సడలించారు కదా. డైరెక్టర్ ఒప్పుకుంటే బయట కొనుక్కోవచ్చు. కోటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలయింది.

కిరణ్: డైరెక్టర్ ఒప్పుకున్నా అకౌంట్స్ సార్ ఒప్పుకోవాలిగా. ఆయన కాఫీ కూపన్ మీద కూడా సంతకం పెట్టట్లేదు.

మాధవి: (నవ్వు) పాపం రా.

కిరణ్: 2024 జూలై బడ్జెట్ మర్చిపోయారా? ల్యాబ్ కెమికల్స్ మీద కస్టమ్స్ సుంకం 10 నుంచి ఏకంగా 150 శాతం. ఎవరో ఆ పేరుతో ఆల్కహాల్ దించుకుంటున్నారట. ఎలక మీద కోపంతో ఇల్లు తగలబెట్టినట్టు.

మాధవి: గోల చేస్తే పది రోజుల్లో వెనక్కి తీసుకున్నారు కదా. నేననేది అదే. రోడ్డెక్కాలి.

కిరణ్: రోడ్డెక్కలేదక్కా, ట్విట్టరెక్కారు.

మాధవి: ఫెలోషిప్‌కి రోడ్డే ఎక్కారు. 2019లో జేఆర్‌ఎఫ్, అదే పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే ఫెలోషిప్, నెలకి 25 వేల నుంచి 31 వేలయింది. 2023 నుంచి 37 వేలు. బొట్టు పెట్టి పిలిచి ఇచ్చారా?

కిరణ్: 37 వేలు కాగితం మీద. నాకు నిరుడు ఐదు నెలలు పడలేదు.

మాధవి: ఐదా?

కిరణ్: అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ "జీతం పడిందా" అంటుంది. జీతం కాదమ్మా, స్టైపెండ్ అని సరిచేసేవాణ్ణి. మూడో నెల నుంచి మానేశాను. ఏదైతేనేం, పడలేదుగా. నాన్న ధాన్యం డబ్బుల్లోంచి పంపాడు. నాకు ముప్పై ఒకటి, తెలుసా? ఊళ్ళో నా ఈడువాళ్ళు ఇళ్ళు కడుతున్నారు.

మాధవి: వారం వారం ఇక్కడే కూర్చున్నాం. చెప్పలేదేం?

కిరణ్: ఫ్రీజర్ గురించి చెప్పాగా.

(కాసేపు కుక్కర్ విజిల్ మాత్రమే)

మాధవి: అమెరికాలో అయితే ఉత్తరం చేతికిచ్చి తీసేస్తారు. ఆ ఉత్తరం చూపించి అరవొచ్చు, కోర్టుకి వెళ్ళొచ్చు. మనకి ఎవరూ కోయరు. "ప్రాసెస్‌లో ఉంది" అంటారు. దాన్ని ప్లకార్డు మీద ఎలా రాస్తాం?

కిరణ్: అదే రాద్దాం. "ప్రాసెస్‌లో ఉంది." మార్కర్ మాత్రం ఎల్-వన్‌ది వద్దు.

మాధవి: వెధవా... అది కాదు, ఆ ఐదు నెలలూ మెస్ బిల్లు...

(టైమర్ మోత)

కిరణ్: జెల్! జెల్ అక్కా!

మాధవి: పో, పో. ఆలస్యమైతే బ్యాండ్లన్నీ జెల్ దాటి బఫర్లోకి పోతాయి.

కిరణ్: నా చెప్పులు...

మాధవి: బయటే ఉన్నాయి. గొడుగు తీసుకెళ్ళు.