‘అలాస్’ రాకముందు ఇంగ్లీషువాళ్లు ఏమని ఏడ్చేవాళ్లు?

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంగ్లీషు సాహిత్యం చదివే పిల్లలే ఎక్కువగా ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. పాఠంలో ‘అలాస్’ కనపడగానే పక్కన పెన్సిల్‌తో ‘అయ్యో’ అని రాసుకుని ముందుకు వెళ్లిపోతాం. అర్థం సరైనదే, కానీ ‘అలాస్’ ఉత్త అరుపు కాదు, అందులో ఒక మనిషి తన స్థితి చెప్పుకుంటున్నాడు.

ఆ మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ ‘హా లాస్’ అనేవాళ్లు, అంటే ‘హా, నేనెంత దురదృష్టవంతుణ్ని’ అని. ఆడమనిషి అయితే ‘హా లాస్సె’ అనేది, ఎందుకంటే ‘లాస్’ అనేది విశేషణం, ఏడ్చేది ఎవరో దాన్ని బట్టి మారేది. దాని వెనక లాటిన్ ‘లాస్సుస్’ ఉంది, అలసిపోయిన అని అర్థం. నీరసాన్ని ‘లాసిట్యూడ్’ అంటారే, అదీ ఈ మూలంలోంచి వచ్చిందే. ఇది వినగానే మీకు మన ‘అలసట’ గుర్తొచ్చి ఉంటుంది. అది కాకతాళీయం, అంతే. లాటిన్ మాట ‘ల’తో మొదలవుతుంది, ముందున్న ‘అ’ విడిగా వచ్చి అతుక్కున్న ‘ఆ’ అనే కేక. దయచేసి దీన్ని చుట్టాలను చేసి వాట్సాప్‌లో పంపకండి.

మరి ఫ్రెంచి మాట రాకముందు? నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. పాత ఇంగ్లీషులో ‘వా లా వా’ అనేవాళ్లు. ‘వా’ అంటే దుఃఖం, ఇప్పటి ‘వో’ అదే. ‘లా’ అంటే ‘చూడండి’ లాంటి పిలుపు. యూదులు ‘ఓయ్ వే’ అంటారే, ఆ ‘వే’ కూడా ఈ ‘వా’కి బంధువే. 9వ శతాబ్దపు రాజు ఆల్‌ఫ్రెడ్ పేరు మీద రోమన్ తత్వవేత్త బోయీథియస్ లాటిన్ గ్రంథానికి ఒక పాత ఇంగ్లీషు అనువాదం ఉంది. అందులో గ్రీకు పురాణాల గాయకుడు ఓర్ఫియస్ చనిపోయిన భార్యను పాతాళం నుంచి వెంటబెట్టుకుని వస్తూ, వెలుగూ చీకటీ కలిసే హద్దు దగ్గర వెనక్కి తిరిగి చూసి ఆమెను పోగొట్టుకుంటాడు. సరిగ్గా ఆ చోటుకి ముందు లాటిన్‌లో ‘హెయు’ అని ఉంటే, అనువాదకుడు ‘వా లా వా’ అని పెట్టాడు. మూడక్షరాల్లో ఏడుపు లయ అంతా ఉంది.

1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి పెద్దింటి భాష అయింది, 13వ శతాబ్దానికి ‘అలాస్’ ఇంగ్లీషులోకి చేరింది. కానీ పాతది వెంటనే పోలేదు. 14వ శతాబ్దపు కవి చాసర్ రాసిన ఒక కథలో అబ్సలన్ అనే ప్రేమికుడు ఒకే వాక్యంలో ‘అలాస్’ అనీ అంటాడు, ‘వెయ్‌లవే’ అనీ అంటాడు. అదే చాసర్ రాసిన మరో కథలో ఆర్సైట్ అనే వీరుడు చనిపోతూ తను ప్రేమించిన ఎమిలీని తలుచుకుని వరసగా ఏడుసార్లు ‘అలాస్’ అంటాడు. ఆ ఏడింటినీ ఇవాళ్టి ‘అలాస్’లా, అంటే ‘విందుకి రాలేకపోతున్నాను, ఏం చేయను’ అన్నంత తేలికగా చదివితే ఆ చావు మనకు అందదు. నా బాధంతా అదే.

‘వా లా వా’కి పట్టిన గతి చూడండి. ముక్కల అర్థం జనం మర్చిపోయారు, చెవికి తెలిసిన మాటలతో సరిచేసుకున్నారు. ముందు ‘వెలవే’ అయింది, తర్వాత ‘వెలడే’. బాగు అనే అర్థమున్న ‘వెల్’, రోజు అనే అర్థమున్న ‘డే’ ఒక ఏడుపులోకి వచ్చి కూర్చున్నాయి! షేక్‌స్పియర్ ‘రోమియో జూలియట్’ నాటకంలో జూలియట్‌ని పెంచిన నర్స్ ‘వెలడే, చనిపోయాడు, చనిపోయాడు’ అంటూ వస్తుంది, ఎవరు చనిపోయిందీ చెప్పదు, జూలియట్ రోమియో పోయాడనుకుంటుంది. పోయింది జూలియట్ బంధువు టిబాల్ట్. తర్వాత జూలియట్ చనిపోయిందనుకుని ఆమె మంచం దగ్గర ఆ నర్సే ‘అలాక్ ద డే’ అని ఏడుస్తుంది. ‘అలాక్’లోని ‘లాక్’ అంటే లోటు, నష్టం. ఆ ఏడుపే అరిగి అరిగి ‘లాకడే’ అయి, 18వ శతాబ్దంలో ‘లాకడైజికల్’కి పుట్టిల్లయింది. ఆ మాటకి ఇప్పుడు అర్థం ఏమిటంటే దేని మీదా ఆసక్తి లేకుండా ఈసురోమంటూ ఉండటం.

ఇక నేను ఆపుతాను. మీకిచ్చిన కాగితాల్లో ఆ మంచం దగ్గర ఏడుపు సన్నివేశం, నాలుగో అంకం, ఐదో రంగం ఉంది. తీయండి. నర్స్ మాటలు ఎవరు చదువుతారు? గట్టిగా చదవాలి, సిగ్గుపడకూడదు.