ఓడ వెనక రాసిన ఊళ్ళు

శ్రోతలకు నమస్కారం.

మా నైనా మద్రాసు హార్బర్‌లో గుమాస్తాగా పనిచేసేవారు. నాన్నని నైనా అనడం చెన్నై తెలుగిళ్ళలో పాత అలవాటు. ఈ ఊరి తమిళంలోకి కూడా ఆ మాట ఎప్పుడో చేరిపోయింది. అప్పట్లో మా ఇల్లు రాయపురంలో. ఏడాదికోసారి ఆయుధపూజ రోజున నైనా నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని హార్బర్ లోపలికి తీసుకెళ్ళేవారు. క్రేన్లకీ లారీలకీ అరటి పిలకలు కట్టి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్ళు. పిల్లలందరూ బొరుగులు, శనగలు, బెల్లం కోసం చేతులు చాపేవాళ్ళు. నా చూపు మాత్రం ఓడల మీదే.

ఓడ వెనక భాగాన పెద్ద అక్షరాలతో దాని పేరు ఉంటుంది. దాని కింద కాస్త చిన్న అక్షరాలతో ఇంకో పేరు ఉంటుంది. "పైనున్నది పేరు, కిందున్నది ఊరు" అని చెప్పారు నైనా. ఓడ ఏ రేవులో నమోదైందో ఆ రేవు పేరు అక్కడ రాయాలి. నాకప్పటికి ఇంగ్లీషు అక్షరాలు సరిగా రావు. నైనా ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివి వినిపించేవారు. పనామా. పిరేయస్. బొంబాయి. మన్రోవియా. ఇంటికొచ్చి దీపం దగ్గర అట్లాసు తెరిచి ఆ ఊళ్ళు వెతికేవాళ్ళం. పిరేయస్ గ్రీసులో ఉంది, ఏథెన్సుని ఆనుకునే. అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించిన పేరు మన్రోవియా కాబట్టి, ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద ఊరు అదే అయ్యుంటుందనుకున్నాను. తీరా చూస్తే ఆఫ్రికా పడమటి అంచున లైబీరియా అనే చిన్న దేశానికి రాజధాని. అక్కడ పన్నులు, నిబంధనలు తేలికని ఎక్కడెక్కడి యజమానులో తమ ఓడల్ని ఆ ఊరి పేరు మీద నమోదు చేయించుకుంటారు. అందులో చాలా ఓడలు ఆ రేవు మొహం కూడా చూసి ఉండవు. ఈ సంగతి పెద్దయ్యాక తెలిసింది. తెలిశాక కూడా మన్రోవియా మీద నా ఇష్టం తగ్గలేదు. మా నైనా గొంతులో విన్న ఊరు కదా.

ఈ రోజు మాట్లాడాలనుకున్నది దీని గురించే. ఒక్కసారైనా చూసి రావాలని మనసులో పెట్టుకునే దేశం గురించి. ఆ దేశం మన మనసులోకి ఎలా వచ్చింది, ఎవరు తెచ్చిపెట్టారు అన్నదాని గురించి.

నేనిప్పుడు మాంబళంలో ఉంటున్నాను. పొద్దున్నే నటేశన్ పార్కులో నడుస్తాం, అయిదారుగురు తెలుగువాళ్ళం. ఒక రోజు అందరినీ అడిగాను, డబ్బు సంగతి పక్కన పెట్టి ఎక్కడికి వెళ్ళాలనుంది అని. ఇద్దరు వెంటనే స్విట్జర్లాండ్ అన్నారు. ఒకాయన జపాన్ అన్నారు, మార్చి నెలాఖరున చెర్రీ చెట్లు ఆకు కనిపించకుండా పూస్తాయట, ఆ పది రోజుల్లోనే వెళ్ళాలట. నెల్లూరు ఆవిడ జెరూసలేం అన్నారు, ఆ మాట అంటున్నప్పుడే ఆమె కళ్ళు చెమర్చాయి. ఇంకొకావిడ చాలాసేపు ఆలోచించి, "నాకు మంచు పడుతుంటే చూడాలనుంది, ఏ దేశమైనా సరే" అన్నారు. అరవై ఏళ్ళుగా చెన్నై ఎండలో ఉన్న మనిషి ఆ మాట అంటే ఎంత సూటిగా తగిలిందో. నేనైతే ఆవిడని మొదట హిమాచల్ పంపిస్తాను, మంచుకి పాస్‌పోర్టు అక్కర్లేదు.

అమెరికా సంగతి వేరు. అక్కడికి చూడటానికి వెళ్ళేవాళ్ళ కన్నా అమ్మాయి పురిటికి, కోడలి పురిటికి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. హైదరాబాద్‌లో కాన్సులేట్ రాకముందు ఆంధ్ర నుంచి వీసా కోసం అందరూ చెన్నైకే వచ్చేవారు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగిన మా బంధువులు ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండి, ఫైలులో కాగితాలు నాలుగుసార్లు లెక్కపెట్టుకుని, తెల్లవారకముందే జెమినీ ఫ్లైఓవర్ దగ్గర లైన్లో నిలబడేవారు. ఆ రాత్రుళ్ళు మా అమ్మకి వాళ్ళకన్నా ఎక్కువ టెన్షన్. కువైట్ సంగతి మరీ వేరు. ఇప్పటికీ చెన్నై విమానాశ్రయంలో రాయచోటి, రాజంపేట వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు కనిపిస్తారు, చేతిలో ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టు, పక్కన ఏడుస్తున్న పిల్లవాడు. వాళ్ళది విహారం కాదు, బతుకు తెరువు. విదేశాల గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళని తలచుకోకుండా ముందుకు వెళ్ళలేను.

అసలు మనవాళ్ళకి సముద్రం దాటడం కొత్త కాదు. బర్మాలోని రంగూన్‌ని మన పెద్దలు రంగం అనేవారు. "వాళ్ళాయన రంగం వెళ్ళాడు" అంటే సంపాదనకి వెళ్ళాడని అర్థం. కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి, మద్రాసు నుంచి వేలమంది వెళ్ళి అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. 1942లో జపాన్ సేనలు రంగూన్‌ని పట్టుకున్నప్పుడు లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగి వచ్చారు.

మా చిన్నతాత, అంటే మా తాతగారి తమ్ముడు, రంగం కాకుండా ఇప్పటి మలేషియాలో ఉన్న పినాంగ్ వెళ్ళాడు. రాజులా అనే ఓడలో. 1926లో కట్టిన ఆ ఓడ మద్రాసులో బయల్దేరి, నాగపట్నంలో ఆగి, పినాంగ్ మీదుగా సింగపూర్ వెళ్ళేది. డెక్కు టిక్కెట్టు అంటే ఎక్కడ చోటు దొరికితే అక్కడ చాప పరుచుకోవడమే. ఆయన ఒక్కసారి తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళి, ఇక రాలేదు. కొన్నాళ్ళకి ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. వచ్చినప్పుడు వదిలి వెళ్ళిన రేకు పెట్టె ఒకటి మా ఇంట్లో ఉండేది. మూత లోపలివైపు తెల్ల పెయింటుతో ఆయన పేరు, దాని కింద పినాంగ్ అని రాసుండేది. పైన పేరు, కింద ఊరు. ఓడ వెనక ఉన్నట్టే. మా అవ్వ ఆ పెట్టెలో పాత చీరలు పెట్టుకునేది. మూత తెరిచినప్పుడల్లా నేను ఆ అక్షరాలు తడిమేదాన్ని.

రాజులా తర్వాత ఆ దారిలో చిదంబరం అనే ఓడ నడిచింది. 1985 ఫిబ్రవరిలో అది సముద్రం మీదే మంటల్లో చిక్కుకుంది, చాలామంది పోయారు. దాంతో ఆ దారి ప్రయాణికులకి మూసుకుపోయింది.

కాబట్టి నా కలల దేశం ఏదని నన్నడిగితే మొదట్నుంచీ ఒకటే జవాబు, పినాంగ్. 2018లో మా వారూ నేనూ వెళ్ళొచ్చాం.

వెళ్ళేముందు కాగితాల దగ్గర పడిన ఇబ్బంది ఒకటి చెప్పాలి, ముఖ్యంగా తమిళనాడులో చదువుకున్న తెలుగువాళ్ళకి. మా ఇంటిపేర్లు బడిలోనే జారిపోయాయి. ఇక్కడి పద్ధతి ప్రకారం తండ్రి పేరులో మొదటి అక్షరమే మా ఇనిషియల్. ఇంటిపేరు పెళ్ళి శుభలేఖలో తప్ప ఎక్కడా కనిపించదు. పాస్‌పోర్టులో ఇనిషియల్ కుదరదు, విడమరిచి రాయాలి. కొందరు విసిగిపోయి ఉన్న పేరొక్కటే రాసి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. అలా వదలకండి. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో వచ్చే సందర్శకులని రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. తర్వాత కొంత సడలించినా, ఆ చిక్కు మనకెందుకు. తండ్రి పేరు రాసినా, ఇంటిపేరు రాసినా, ఏది రాస్తే అదే టిక్కెట్టు మీద కూడా ఉండాలి. మా వారి టిక్కెట్టు మీద పేరు తారుమారుగా పడింది. టిక్కెట్లు తీసిన ఏజెంటు ఫోను ఎత్తలేదు. విమానాశ్రయం కౌంటర్ దగ్గర ముప్పావుగంట నిలబడ్డాం, నా చేతులు చల్లబడిపోయాయి. చివరికి దిద్ది పంపించారు, కానీ ఆ ముప్పావుగంట ఇంకెవరికీ వద్దు. ఇంకో సంగతి, పాస్‌పోర్టు పెద్దవాళ్ళకి పదేళ్ళు చెల్లుతుంది, మామూలుగా తీసుకుంటే ఫీజు 1500 రూపాయలు. చాలా దేశాలు ప్రయాణం నాటికి ఇంకా ఆరునెలల గడువు మిగిలి ఉండాలంటాయి. కల ఏదైనా సరే, ఆ చిన్న పుస్తకం ముందు తీసి పెట్టుకోండి. నేపాల్, భూటాన్‌లకైతే అది కూడా లేకుండా ఓటరు కార్డుతో వెళ్ళిరావచ్చు. కొలంబో మనకి ఢిల్లీ కన్నా దగ్గర, విమానం ఎక్కి గంటన్నర లోపలే దిగుతాం.

పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే యూరప్ బస్సు యాత్రలంటే నాకు బెంగ. షెంగెన్ వీసా ఒక్కటి తీసుకుంటే 29 దేశాలు తిరగొచ్చన్న మాట నిజమే, కానీ వీలుంది కదా అని అన్నీ కలిపి మింగడం ఎందుకు. వెళ్ళొచ్చిన మా వదినగారు ఫోటోలు చూపిస్తూ, ఇది ఏ ఊరో అని ఆగిపోయారు. నాకు పాపం అనిపించింది. అంత డబ్బు, అంత ఆశ. ఒక్క ఊళ్ళో అయిదు రోజులుండి, ఒకే కాఫీ కొట్టుకి మూడుసార్లు వెళ్ళి, కొట్టువాడు మనల్ని గుర్తుపట్టే దాకా ఉంటే ఆ ఊరు మనదవుతుంది.

మేం పినాంగ్‌లో అలాగే ఉన్నాం. జార్జ్‌టౌన్ పాత పేటని 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. కింద కొట్టు, పైన ఇల్లు, వాటి ముందు నీడగా వరండా, ఆ వరండాలోంచే వీధి చివరిదాకా నడిచిపోవచ్చు. నాసి కందర్ అని అక్కడ తమిళ ముస్లింలు మొదలుపెట్టిన భోజనం ఉంది. నాసి అంటే అన్నం, కందర్ అంటే భుజాన మోసే కావడి బద్ద. ఒకప్పుడు కావడికి ఒకవైపు అన్నం, ఒకవైపు కూరలు పెట్టుకుని రేవు కూలీలకి అమ్మేవారట. మా చిన్నతాత కూడా ఆ కావడి ముందు నిలబడి ఉంటాడు అనుకున్నాను. రేవు దగ్గర రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పెట్టె మూత ఫోటో తీసుకెళ్ళాను ఫోన్లో. దాన్ని ఎవరికి చూపించాలో తెలియక ఆ నీళ్ళకే చూపించాను.

ఆ మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో అరటాకు భోజనానికి కూర్చున్నాం. నేను మా వారితో "రసం బాగుంది, ఇంకొంచెం పోయించుకోండి" అన్నాను. పక్క బల్ల దగ్గర డెబ్భై ఏళ్ళావిడ చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. ఇటు తిరిగి, "తెలుగోళ్ళా? ఎక్కణ్ణించొచ్చేరు?" అన్నారు. ఆ మాటలో ఉత్తరాంధ్ర యాస. మలేషియాలోనే పుట్టి, ఎస్టేటులో పెరిగి, తెలుగు చదవడం రాయడం రాని మనిషి. "మా మామ్మది సిక్కోలు. ఏ పల్లో తెలీదు. సిక్కోలు అనీసే చెప్పేది. ఒక్కసారి సూడాలనుంది" అన్నారు.

నాకు కాసేపు మాట రాలేదు. శ్రీకాకుళాన్ని సిక్కోలు అని ముద్దుగా పిలుస్తారని తెలుసు. అది ఒకరికి చూడాలనుకునే విదేశం అవుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. నేను సముద్రం దాటి ఆమె ఊరు చూడటానికి వచ్చాను. ఆమె అదే సముద్రానికి అటుపక్క కూర్చుని మన ఊరు కలగంటున్నారు.

అక్కడి నుంచి వచ్చాక నాకు ఇంకో దేశం మీద మనసు పడింది, మారిషస్. కోరంగి నుంచి, మద్రాసు నుంచి ఒప్పందం కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళ ముని మనవలు అక్కడున్నారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు రోజు. సింహాద్రి అప్పన్నని కొలుస్తారు, దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. నోట్ల మీద తమిళ అక్షరాలు, తమిళ అంకెలు కూడా ఉంటాయి. పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ అని ఉంది. ఓడ దిగిన కూలీలు ఆ పదహారు రాతి మెట్లు ఎక్కే ఆ దేశంలో అడుగుపెట్టారు. మన పాస్‌పోర్టుకి ముందుగా వీసా అక్కర్లేదు. ఒక ఉగాదికి వెళ్ళి, ఆ మెట్లు ఒక్కొక్కటే ఎక్కాలని నా కోరిక.

అయితే అంతకంటే ముందు ఇంకో ప్రయాణం ఉంది. పోయిన శీతాకాలం విశాఖపట్నంలో పెళ్ళికి వెళ్ళినప్పుడు శ్రీకాకుళం దాకా వెళ్ళి, నాగావళి ఒడ్డున నిలబడి, ఇసుకనీ నీళ్ళనీ వీడియో తీసి పినాంగ్ ఆవిడకి వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులకి ఆవిడ గొంతు వచ్చింది. "మామ్మ ఈ నీళ్ళే తాగిందా అమ్మా?" అంతే, తర్వాత ఏమీ లేదు.

వచ్చే సంక్రాంతికి ఆవిడ వస్తున్నారు. వీసా ఫారం మనవడు నింపుతున్నాడట. చెన్నైలో దిగి, మా ఇంట్లో రెండు రోజులుండి, ఇద్దరం కలిసి హౌరా వైపు వెళ్ళే రైలెక్కుతాం. దిగాల్సిన స్టేషన్ ఆమదాలవలసలో, పేరు శ్రీకాకుళం రోడ్డు. పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో రాసి ఉంటుందని చెప్పాను. "తెలుగులో ఉంటే నేను సదవలేను కదమ్మా" అన్నారు. పక్కన నేనుంటాను, చదివి వినిపిస్తానని చెప్పాను.