ఓనరు పెట్టమన్నాడని సీసీ కెమెరా పెట్టేయొచ్చా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. బెంగళూరు తెలుగువారి న్యాయ సందేహాలకు జవాబులిచ్చేందుకు న్యాయవాది మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మారతహళ్లి నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్తే మేడమ్. మాది మదనపల్లె. ఎస్పీ రోడ్డులో సామాను కొనుక్కొచ్చి ఇక్కడ సీసీ కెమెరాలు బిగిస్తుంటాను. ఒక లేడీస్ పీజీ హాస్టల్లో పదహారు కెమెరాల పని వచ్చింది. ఓనరు మన తెలుగాయనే. గేటు, మెట్లు, వంటగది వరకు సరే. మూడో అంతస్తులో బాత్‌రూముల ముందు కూడా ఒకటి పెట్టమంటున్నాడు. అమ్మాయిలు గీజర్లు ఆపకుండా వెళ్లిపోతున్నారంట. "డబ్బులిచ్చేది నేను, నీకెందుకు టెన్షన్" అంటాడు. రేపు గొడవైతే నా మీదికి వస్తుందా?

న్యాయవాది: రావచ్చు. తలుపు తీస్తే లోపల కనబడుతుందా?

కాలర్: వైడ్ లెన్స్ కదా మేడమ్. రెండు బాత్‌రూముల్లో అద్దం దాకా పడుతుంది.

న్యాయవాది: అయితే అక్కడ వద్దే వద్దు. ఎవరూ చూడరనుకునే చోట ఉన్న మహిళను అలా చూసినా, వీడియో తీసినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ వేరే ఉంది. మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అది మగవాళ్లకూ వర్తిస్తుంది కాబట్టి జెంట్స్ పీజీలోనూ ఇదే మాట. స్క్రీన్‌లో చూసుకుంటూ యాంగిల్ తిప్పింది మీరైనప్పుడు, తెలియదంటే ఎవరు నమ్ముతారు?

కాలర్: డీవీఆర్‌లో, అంటే రికార్డింగ్ పెట్టెలో, మాస్క్ పెట్టి ఆ భాగం నల్లగా మూసేయొచ్చు మేడమ్.

న్యాయవాది: దాన్ని తీసేయడానికి ఎంతసేపు?

కాలర్: పాస్‌వర్డ్ ఉంటే నిమిషం.

న్యాయవాది: మరి! కెమెరాను మెట్ల వైపు తిప్పండి. గీజర్లకు టైమర్ స్విచ్ పెట్టుకోమనండి, ఖర్చు కూడా తక్కువే. పాస్‌వర్డ్ అన్నారు కదా, అది ఎవరి దగ్గరుంది?

కాలర్: అందరు కస్టమర్లవీ నా ఫోన్‌లోనే ఉంటాయి. మర్చిపోయి నాకే ఫోన్ చేస్తారు.

న్యాయవాది: ఓనరు ముందే మార్పించి, కొత్తది ఆయన చేతనే టైప్ చేయించండి. మీ ఫోన్ నుంచి తీసేయండి. సర్వీసుకు వెళ్లినప్పుడు ఆయనే తెరిచి ఇస్తాడు. మీ దగ్గర్నుంచి ఒక్క క్లిప్పు వాట్సాప్‌లోకి వెళ్లినా ఐటీ చట్టం 72ఏ పట్టుకోవచ్చు. పని ఒప్పందం వల్ల చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని దురుద్దేశంతో బయటపెడితే మూడేళ్ల దాకా జైలు. కెమెరాల్లో మైక్ ఉందా?

కాలర్: ఉంది, ఆన్‌లోనే వస్తుంది.

న్యాయవాది: ఆపేయండి. అమ్మాయిల మాటలతో ఆయనకేం పని?

యాంకర్: 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా దీనికి వస్తుందా మేడమ్?

న్యాయవాది: సొంతింటి అవసరానికి పెట్టుకుంటే రాదు. పీజీ వ్యాపారం కాబట్టి మినహాయింపు లేదు. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ప్రధాన బాధ్యత ఓనరుదే. అయినా కెమెరాలున్నాయని గేటు దగ్గర బోర్డు ఇప్పుడే పెట్టించండి.

కాలర్: హార్డ్‌డిస్క్ ఒక టీబీ చాలంటున్నాడు. పదహారు కెమెరాలకు వారం కూడా రాదు.

న్యాయవాది: చాలదు. 2024లో అప్పటి బెంగళూరు నగరపాలిక బీబీఎంపీ పీజీలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో లోపలికి వచ్చే, బయటికి వెళ్లే దారుల్లో కెమెరాలు, 90 రోజుల రికార్డింగ్ అడిగారు. బాత్‌రూముల దగ్గర పెట్టమని ఎక్కడా లేదు. ఆయనకు ఆ కాగితమే చూపించండి.

కాలర్: అయినా వినకపోతే?

న్యాయవాది: ఆ ఒక్క కెమెరా పెట్టనని కొటేషన్ మీదే రాసేయండి. మిగతావి ఎక్కడెక్కడ, ఏ వైపు చూస్తున్నాయో ఒక బొమ్మ గీసి ఆయన సంతకం తీసుకోండి. పని అయ్యాక ప్రతి కెమెరా స్క్రీన్‌ను తేదీతో ఫొటో తీసి బిల్లుకు జతచేసి ఇవ్వండి. తర్వాత ఎవరైనా తిప్పితే అది మీ పని కాదని చూపించుకోవచ్చు.

కాలర్: తెలుగులో రాయొచ్చా మేడమ్?

న్యాయవాది: రాయొచ్చు, ఓనరుకి తెలుగు వచ్చు కదా. బోర్డు మాత్రం కన్నడలో తప్పకుండా ఉండాలి. పక్కన ఇంగ్లీషు, హిందీ కూడా వేయించండి, అన్ని రాష్ట్రాల పిల్లలూ ఉంటారు.

యాంకర్: సరేనన్నా. కృష్ణరాజపురం నుంచి ఇంకొకరు ఎదురుచూస్తున్నారు, అద్దె అడ్వాన్సు విషయమట. హలో, చెప్పండమ్మా.