గీతకు గీతే సాక్ష్యం: క్వేజార్ల వర్ణపటాలను చదవడం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్నది 3సి 273 వర్ణపటం, అంటే దాని కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన చిత్రం. ఇది కన్యా రాశిలోని ఒక క్వేజార్, అంటే భారీ కృష్ణబిలం వల్ల వెలిగే గెలాక్సీ కేంద్రం; దీని ప్రకాశం దాదాపు 12.9 మాగ్నిట్యూడ్. ఎడమవైపు నీలం, కుడివైపు ఎరుపు. 4750, 5030, 5630 ఆంగ్‌స్ట్రాంల (తరంగదైర్ఘ్యపు కొలమానం) దగ్గర వెడల్పాటి దిబ్బలు, అంటే ఉద్గార గీతలు, లేచి ఉన్నాయి చూడండి. అమెరికాలోని పాలొమార్ వేధశాలలో ఉన్న 200 అంగుళాల టెలిస్కోపుతో తీసిన ఇలాంటి వర్ణపటాన్నే 1963లో ఖగోళ శాస్త్రవేత్త మార్టెన్ ష్మిట్ పరిశీలించాడు. ఆ స్థానాలు ఏ మూలకానికీ సరిపోలేదు. కానీ నీలం వైపు వెళ్ళేకొద్దీ దిబ్బల మధ్య ఎడమూ తగ్గుతోంది, బలమూ తగ్గుతోంది. అది హైడ్రోజన్ వదిలే బామర్ గీతల వరుస (హెచ్-ఆల్ఫా, హెచ్-బీటా, హెచ్-గామా మొదలైనవి) పోకడ.

లెక్క వేసి చూద్దాం. 5630ని 5030తో భాగిస్తే 1.119. ప్రయోగశాలలో హెచ్-బీటా 4861, హెచ్-గామా 4340. వాటి నిష్పత్తి 1.120. కాంతి ఎంత సాగినా ప్రతి తరంగదైర్ఘ్యమూ ఒకే గుణకంతో పెరుగుతుంది కాబట్టి నిష్పత్తులు మారవు. ఇక్కడ ఆ గుణకం 1.158, అంటే రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు సాగిన పాలు) 0.158. అదే గుణకంతో హెచ్-ఆల్ఫా 6563 నుంచి 7600కు రావాలి. ఓక్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎరుపు చివర కొలిచినప్పుడు సరిగ్గా ఆ చుట్టుపక్కలే బలమైన గీత దొరికింది.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. వర్ణపటంలో ఏ గీతనూ ఒంటరిగా నమ్మకండి. మరో గీత దానికి సాక్ష్యం పలకాలి. ఆ సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందో, ఎప్పుడు మోసం చేస్తుందో చూద్దాం.

ముందు, వర్ణపటంలో ఏమేం కలిసి ఉంటాయో తెలియాలి. అడుగున ఉన్న నునుపైన భాగం కృష్ణబిలం చుట్టూ తిరిగే వేడి వాయువు పళ్ళెం నుంచి వస్తుంది. దాని మీద సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో పరుచుకున్న వెడల్పు గీతలు ఉంటాయి; వాయువు ఎంత వేగంగా కదిలితే గీత అంత వెడల్పు, అందుకే వెడల్పును సెకనుకు కిలోమీటర్లలో చెబుతాం. వాటి పక్కనే కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పున్న సన్న గీతలు ఉంటాయి. ఎన్‌జిసి 1068 అనే గెలాక్సీలో ఉద్గార రేఖలను 1908లోనే ఎడ్వర్డ్ ఫాత్ చూశాడు. 1943లో కార్ల్ సీఫర్ట్ అలాంటి ఆరు గెలాక్సీలను వివరంగా పరిశీలించాడు.

వెడల్పు గీతలు హైడ్రోజన్, హీలియం లాంటి వాటికే ఎందుకు ఉంటాయి? 4959, 5007 దగ్గర కనిపించే ఆక్సిజన్ గీతలు ఎప్పుడూ సన్నగానే ఎందుకు ఉంటాయి? ఈ ఆక్సిజన్ గీతలు నిషిద్ధ రేఖలు. ఉత్తేజం పొందిన ఆక్సిజన్ అయాన్ ఈ కాంతిని వదలడానికి పదుల సెకన్లు పడుతుంది. ఘన సెంటీమీటరుకు 7 లక్షల ఎలక్ట్రాన్లు దాటితే, ఆలోపే ఏదో ఒక ఎలక్ట్రాన్ తగిలి ఆ శక్తిని లాగేసుకుంటుంది. కేంద్రానికి దగ్గరగా, వేగంగా తిరిగే వాయువులో సాంద్రత 100 కోట్లకు పైనే. అక్కడ ఈ గీతలకు చోటు లేదు. అవి వందల, వేల కాంతి సంవత్సరాల దూరంలోని పలుచని వాయువులో పుడతాయి. అందుకే 5007 గీత వేల కిలోమీటర్ల వెడల్పుతో కనిపిస్తే గుర్తింపు తప్పయి ఉండవచ్చు, లేదా అక్కడ వాయువు భారీగా బయటికి ఎగజిమ్ముతూ ఉండవచ్చు. ముందు అనుమానించాల్సింది గుర్తింపునే.

వెడల్పు గీతలు ఉంటే టైప్ 1, లేకపోతే టైప్ 2 అంటాం. అయితే టైప్ 2లో అవి నిజంగా లేవని కాదు. 1985లో ఆంటొనుచ్చి, మిల్లర్ ఎన్‌జిసి 1068ని ధ్రువీకృత (ఒకే దిశలో కంపించే) కాంతిలో చూస్తే వెడల్పు గీతలు బయటపడ్డాయి. ధూళి చాటున ఉన్న కేంద్రం నుంచి వచ్చే కాంతి, పైనున్న వాయువు మీద చెదిరి మన దాకా వచ్చింది. వర్ణపట శాస్త్రంలో ఇంతకంటే అందమైన నిరూపణ నాకు మరొకటి కనిపించదు.

ఇక పరికరం సంగతి. వర్ణపటం చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

స్లిట్‌ను, అంటే కాంతి పరికరంలోకి వెళ్ళే సన్నని చీలికను, పారలాక్టిక్ కోణంలో, అంటే దిగంతానికి నిలువుగా ఉండే దిశలో పెట్టాలి. మన వాతావరణం నీలం కాంతిని ఎరుపు కంటే ఎక్కువగా వంచుతుంది. వస్తువు కిందికి దిగేకొద్దీ రెండు బింబాల మధ్య ఎడం ఒక ఆర్క్‌సెకను దాటిపోతుంది. స్లిట్ అడ్డంగా ఉంటే ఎరుపు లోపలికి పోతుంది, నీలం బయటే ఉండిపోతుంది. తర్వాత నునుపైన భాగం వాలు కొలిచి పళ్ళెం గురించి ఏం చెప్పినా అది తప్పే.

ఒకే పొడవాటి ఎక్స్‌పోజర్ కంటే, 20 లేదా 30 నిమిషాల చొప్పున కనీసం మూడు తీయండి. కాస్మిక్ కిరణాలు సీసీడీ (కెమెరా సెన్సర్) మీద పదునైన మచ్చలు వదులుతాయి, అవి అచ్చం సన్న గీతల్లాగే కనిపిస్తాయి. మూడింటి మధ్యస్థ విలువ తీసుకుంటే ఒకదానిలోనే ఉన్న మచ్చ పోతుంది. తరంగదైర్ఘ్యాల కోసం తీసే దీపం వర్ణపటం, టెలిస్కోపు అదే దిశలో ఉండగా, పరిశీలనకు ముందూ వెనకా తీయాలి. టెలిస్కోపు తిరిగేకొద్దీ పరికరం కొద్దిగా వంగుతుంది, దాంతో గీతలన్నీ జరుగుతాయి. ఎంత జరిగాయో ఆకాశమే చెబుతుంది. రాత్రి ఆకాశంలో ఆక్సిజన్ గీత 5577.3 దగ్గర ఉంటుంది. మీ వర్ణపటంలో అది 5579 దగ్గర కనిపిస్తే మీ స్కేలు దాదాపు 2 ఆంగ్‌స్ట్రాంలు తప్పిందన్నమాట.

మళ్ళీ 7600 దగ్గరికి వద్దాం. 3సి 273 హెచ్-ఆల్ఫా పడిన చోటే మన వాతావరణంలోని ఆక్సిజన్ కాంతిని పీల్చేసే లోతైన శోషణ పట్టీ కూడా ఉంది, 7594 నుంచి. దాన్ని సరిదిద్దకుండా చూస్తే గీత రెండుగా చీలినట్టు కనిపిస్తుంది. తిరిగే పళ్ళెం వల్ల నిజంగానే రెండు శిఖరాలున్న గీతలు కొన్ని గెలాక్సీల్లో ఉంటాయి కాబట్టి మోసపోవడం తేలిక. దాదాపు అదే ఎత్తులో ఉన్న వేడి నక్షత్రాన్ని వెంటనే తీసి, దాని వర్ణపటంతో భాగించాలి. 6870 దగ్గర ఇంకో పట్టీ ఉంది. రెడ్‌షిఫ్ట్ 0.046 చుట్టూ ఉన్న గెలాక్సీల హెచ్-ఆల్ఫాకు అది అడ్డుపడుతుంది. పైగా గ్రేటింగ్ (కాంతిని విడదీసే సన్న గీతల ఫలక) వేసే రెండో వర్ణపటంలో, అంటే రెండో ఆర్డర్‌లో, 3800 దగ్గరి నీలం కాంతి కూడా వచ్చి 7600 మీదే పడుతుంది. క్వేజార్లలో నీలం ఎక్కువ కాబట్టి ఫిల్టర్ పెట్టి దాన్ని ఆపాల్సిందే.

పెద్ద పరికరం లేనివారికి ఒక మాట. మిల్లీమీటరుకు 100 గీతల గ్రేటింగ్‌ను చిన్న టెలిస్కోపుకు తగిలిస్తే విభేదన సామర్థ్యం (దగ్గరి తరంగదైర్ఘ్యాలను వేరుచేసే శక్తి) 100 దాకా వస్తుంది, అంటే సెకనుకు సుమారు 3000 కిలోమీటర్లు. నక్షత్రాల సన్న గీతలకు అది చాలదు. 3సి 273 గీతలు సహజంగానే అంత వెడల్పున్నాయి కాబట్టి అక్కడ అది సరిపోతుంది. ఔత్సాహికులు ఈ పద్ధతిలో దాని రెడ్‌షిఫ్ట్‌ను కొలిచారు.

కొలతల్లో మొదటి పరీక్ష 5007, 4959 జంట. రెండూ ఒకే పై స్థాయి నుంచి దిగే గీతలు. కాబట్టి సాంద్రత, ఉష్ణోగ్రత ఏమైనా వాటి బలాల నిష్పత్తి 3కు అతి దగ్గరగా ఉండాలి. మీకు 2.2 వచ్చిందనుకోండి. 5007 శిఖరం సీసీడీలో నిండిపోయి ఉండవచ్చు. లేదా అడుగును, అంటే గీతల కిందున్న నునుపైన భాగాన్ని, తప్పుగా గీసి ఉండవచ్చు. లేదా 4924, 5018 దగ్గరుండే ఐరన్ గీతలు కలిసిపోయి ఉండవచ్చు. 3సి 273లో ఐరన్ బలంగా, ఆక్సిజన్ బలహీనంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది తప్పదు. హెచ్-బీటాకు రెండు పక్కలా ఐరన్ గుట్టలు ఉంటాయి. వాటినే అడుగు అనుకుంటే హెచ్-బీటా రెక్కలు తెగిపోయి, వెడల్పు తక్కువగా వస్తుంది. 4200, 5100 దగ్గర కాస్త ఖాళీ ఉంటుంది, అక్కడ ఆధారం తీసుకుని ఐరన్ నమూనాను కూడా కలిపి సరిపోల్చండి.

వెడల్పును వేగంగా మార్చేటప్పుడు ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. పరిశీలించిన హెచ్-బీటా సగం ఎత్తు దగ్గర 70 ఆంగ్‌స్ట్రాంల వెడల్పు ఉందనుకుందాం. 70ని 5630తో భాగించి కాంతి వేగంతో గుణిస్తే 3730 కిలోమీటర్లు. 5630కి బదులు 4861తో భాగిస్తే 4320 వస్తుంది. దీని నుంచి లెక్కించే కృష్ణబిలం ద్రవ్యరాశి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి తప్పు 34 శాతానికి చేరుతుంది. పరికరం తెచ్చే వెడల్పును కూడా తీసేయాలి, అదీ వర్గాల్లోనే. అసలు 400, పరికరం 300 అయితే కనిపించేది 500.

ద్రవ్యరాశి సూత్రం చిన్నదే: వేగం వర్గాన్ని వెడల్పు గీతల ప్రాంతం వ్యాసార్ధంతో గుణించి గురుత్వ స్థిరాంకంతో భాగించడం, దానికొక ఆకార గుణకం. వేగం 4000 కిలోమీటర్లు, వ్యాసార్ధం 30 కాంతి రోజులు, గుణకం 1 అనుకుంటే సుమారు 9.4 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి. వ్యాసార్ధం ఎలా వస్తుంది? కేంద్రం వెలుగు మారిన ఎన్ని రోజులకు హెచ్-బీటా మారిందో చూస్తాం. ఇందుకు నెలల తరబడి వర్ణపటాలు తీయాలి, ప్రతి రాత్రీ స్కేలు ఒకటిగా ఉండాలి. ఇక్కడా సాక్షి 5007 గీతే. అది పుట్టే ప్రాంతం చాలా పెద్దది కాబట్టి నెలల్లో మారదు. ప్రతి వర్ణపటాన్నీ దాని బలానికి సరిచేయాలి. ఆకార గుణకం మాత్రం కచ్చితంగా తెలియదు. ఒకే వర్ణపటం నుంచి, ప్రకాశం ఆధారంగా వ్యాసార్ధం ఊహించి చెప్పే ద్రవ్యరాశిలో మూడింతల తేడాకు అవకాశం ఉంది. దాన్ని రెండు దశాంశాలతో రాయడం సరికాదు. 2018లో, అనేక టెలిస్కోపుల కాంతిని కలిపే గ్రావిటీ అనే పరికరం 3సి 273 వెడల్పు గీతల ప్రాంతాన్ని నేరుగా కొలిచి 150 కాంతి రోజుల వ్యాసార్ధం, దాదాపు 30 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి అని తేల్చింది.

స్లోన్ సర్వే అనే పెద్ద ఆకాశ పరిశీలన ప్రాజెక్టు వర్ణపటాలు అందరికీ ఉచితంగా దొరుకుతాయి. వాటిలో తరంగదైర్ఘ్యాలు శూన్యంలోనివి. 5007 అని మనం అనేది గాలిలో 5006.84, శూన్యంలో 5008.24. రెండూ కలిపేస్తే లేని వాయువు సెకనుకు 84 కిలోమీటర్ల వేగంతో ప్రవహిస్తున్నట్టు తేలుతుంది.

అన్నిటికంటే కష్టం, ఒకే ఒక్క వెడల్పు గీత ఉన్న వర్ణపటం. అది 5600 దగ్గర ఉందనుకుందాం. కార్బన్ 1549 అయితే రెడ్‌షిఫ్ట్ 2.6, అప్పుడు హైడ్రోజన్ లైమన్-ఆల్ఫా గీత 4396 దగ్గర ఇంకా బలంగా, మరో కార్బన్ గీత 6900 దగ్గర కనిపించాలి. హెచ్-బీటా అయితే 5768 దగ్గర ఆక్సిజన్, 7560 దగ్గర హెచ్-ఆల్ఫా ఉండాలి. ఇవేవీ లేకపోతే మెగ్నీషియం 2798 మిగులుతుంది, రెడ్‌షిఫ్ట్ 1.0. అలాగైతే 7460 దగ్గర సన్నని ఆక్సిజన్ గీత కోసం వెతకండి. రొద (నాయిస్) ఎక్కువై అదీ కనిపించకపోతే విలువ పక్కన ప్రశ్నార్థకం పెట్టి, సమీప పరారుణంలో వర్ణపటం అడగండి. హెచ్-బీటా 9730 దగ్గర ఉండాలి.