ఫోన్-ఇన్: పాత మూనీ విమానానికి కొత్త ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ వేశారు, కొనొచ్చా?

యాంకర్: ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండీ. కొందామని 1966 మూనీ ఎం20సీ చిన్న విమానం ఒకటి చూశాను. ఇంజన్ లైకమింగ్ ఓ-360, 180 హార్స్‌పవర్. రెండు గార్మిన్ జీ5 డిజిటల్ డిస్‌ప్లేలు, జీఎఫ్‌సీ 500 ఆటోపైలట్, కొత్త విండ్‌షీల్డ్ అన్నీ వేయించారు. ఇంజన్ ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) అయ్యాక 400 గంటలే తిరిగిందట.

నిపుణుడు: ఓవర్‌హాల్ ఏ సంవత్సరంలో అయింది?

శ్రోత: 2006లోనండీ.

నిపుణుడు: అయితే ఆ 400 చూసి సంతోషపడకండి. మళ్లీ ఓవర్‌హాల్‌కి లైకమింగ్ చెప్పేది 2000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. ఈ ఇంజన్లో వాల్వుల్ని తెరిపించే క్యామ్‌షాఫ్ట్, ప్రొపెల్లర్‌ని తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. నెలల తరబడి ఎగరకపోతే దాని మీది ఆయిల్ కిందికి జారిపోతుంది, తేమకి తుప్పు పడుతుంది. తర్వాత నడిపినప్పుడు క్యామ్ లోబ్‌లు (దాని మీది ఉబ్బులు), అవి తోసే ట్యాపెట్లు ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి.

శ్రోత: సిలిండర్లలో గాలి ఎంత నిలుస్తుందో చూసే కంప్రెషన్ పరీక్షలో 80కి 76, 77 ఉన్నాయండీ.

నిపుణుడు: ఆ పరీక్ష రింగులు, వాల్వుల సంగతి చెబుతుంది, క్యామ్ సంగతి చెప్పదు. ఒక సిలిండర్ తీస్తే క్యామ్ కనబడుతుంది గానీ దానికి ఒప్పుకునే అమ్మకందారు తక్కువ. కనీసం ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో లోహపు తునకలున్నాయేమో చూడమనండి. ఫిల్టర్ లేని పాత ఇంజన్ అయితే ఆయిల్ వడగట్టే స్క్రీన్లు తీసి చూడాలి. బోర్‌స్కోప్‌తో (సిలిండర్లోకి దూర్చే చిన్న కెమెరా) ఎగ్జాస్ట్ వాల్వులు కూడా చూడాలి: అంచున రంగు ఒక పక్కనే మారి ఉంటే ఆ వాల్వు కాలడం మొదలైనట్టు. నన్నడిగితే, ఓవర్‌హాల్‌కి వచ్చిన ఇంజన్ అనుకునే బేరమాడండి.

యాంకర్: ఇంజన్ సరే, బాడీ సంగతి?

నిపుణుడు: అసలు ప్రమాదం అక్కడేనండీ. మూనీ క్యాబిన్ లోపల స్టీలు గొట్టాల పంజరం ఉంటుంది. కిటికీల సీలు పోతే వాన నీరు లోపలి ఇన్సులేషన్లోకి దిగుతుంది, అది తడి గుడ్డలా గొట్టాలకి అంటుకుని ఉంటుంది. దీని మీదే మూనీ వాళ్ల సర్వీస్ బులెటిన్ ఎం20-208 ఉంది. క్యాబిన్ లోపలి పక్క ప్యానెళ్లు ఊడదీసి చూడందే తెలియదు. తుప్పు గొట్టాన్ని లోతుగా తినేసి ఉంటే వెల్డింగ్ చేయాలి, నెలలు పడుతుంది. ఆ విమానం వదిలేయండి, ఎంత తగ్గించి ఇచ్చినా సరే.

రెండోది పెట్రోలు ట్యాంకులు. వేరే ట్యాంకు ఉండదు, రెక్కే ట్యాంకు, అతుకుల్లో పూసిన సీలెంటే అడ్డుగోడ. పక్కకి 26 గ్యాలన్లు. నిండా నింపి ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే రెక్క కింద నీలం మరకలు వెతకండి. 100ఎల్‌ఎల్ పెట్రోలు రంగు నీలమే కదా. సగం ట్యాంకుతో చూపిస్తే పైభాగం లీకు బయటపడదు. మొత్తం రీసీల్ చేయించాలంటే వేల డాలర్లు.

ల్యాండింగ్ గేర్‌లో స్ప్రింగుల బదులు రబ్బరు డిస్కులుంటాయి, మొత్తం 11. తయారీ తేదీ వాటి మీదే ఉంటుంది, గట్టిపడితే మార్చాల్సిందే.

శ్రోత: ప్యానెల్ గురించి భయపడక్కర్లేదు కదండీ?

నిపుణుడు: కాగితాలు చూడాలి. ఇలాంటి పెద్ద మార్పులకి ఎస్‌టీసీ (అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చే ఆమోదం), ఫామ్ 337 (మార్పు చేసినట్టు రికార్డు), ఫ్లైట్ మాన్యువల్ సప్లిమెంట్, కొత్త వెయిట్ అండ్ బ్యాలెన్స్ ఉండాలి. ఎఫ్‌ఏఏ ఓక్లహామా సిటీ ఆఫీసు నుంచి విమానం రికార్డులు తెప్పించి లాగ్‌బుక్‌తో సరిచూడండి. పాత మీటర్లని నడిపే వ్యాక్యూమ్ పంపు తీసేశారా అని కూడా అడగండి. రెక్కల్ని సమంగా ఉంచే పాత వింగ్ లెవలర్ వ్యాక్యూమ్ మీదే పనిచేస్తుంది. పంపు పోయాక దాని సామాను అలాగే ఉంటే ఉత్త బరువు.

యాంకర్: నలుగురు కూర్చోగలరా?

నిపుణుడు: సీట్లు నాలుగు. గరిష్ఠ బరువు 2575 పౌండ్లు. ఖాళీ బరువు 1625 అనుకుంటే మిగిలేది 950. తలా 180 పౌండ్ల వాళ్లు నలుగురైతే 720. ఇంక 230, అంటే గ్యాలన్‌కి ఆరు పౌండ్ల చొప్పున 38 గ్యాలన్లు, సామాను లేకుండా. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకి మంచి విమానం.

శ్రోత: చివరిగా ఒక్కటండీ. నేను హెచ్-1బీ మీద ఉన్నాను...

నిపుణుడు: ముందే చెప్పాల్సిందండీ! మీ పేరున ఎన్-నంబరు, అంటే అమెరికా విమాన రిజిస్ట్రేషన్, కాదు. వ్యక్తులకైతే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. అర్హత ఉన్న ట్రస్టీ పేరున ట్రస్టు ద్వారా పెట్టుకునే మార్గం ఉంది. ఏటా ఫీజు ఉంటుంది. ఏవియేషన్ లాయర్‌తో మాట్లాడాకే అడ్వాన్సు ఇవ్వండి. డబ్బు ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి దగ్గర, పెట్టండి, తాకట్టు లేదని టైటిల్ సెర్చ్ రావాలి. ముందస్తు తనిఖీ మాత్రం మూనీలు తెలిసిన షాపులోనే చేయించండి, అమ్మేవాళ్ల మెకానిక్ దగ్గర వద్దు.

యాంకర్: తర్వాతి కాలర్ లైన్లో ఉన్నారు...